సౌండు లేదు, లైటు లేదు

జూలైలో ఒక శనివారం పొద్దున. ఆరున్నర అయివుంటుంది. ముసురు పట్టింది. నాగోలు దగ్గర మెయిన్ రోడ్డు మీద నలభై స్పీడులో పోతున్నా. ఎడమవైపు గల్లీలోంచి ఒకావిడ స్కూటీ మీద వచ్చింది, నావైపు తల తిప్పింది, చూసింది, అయినా రోడ్డెక్కేసింది. బ్రేకు మీద దాదాపు నిలబడ్డాను. కారు బంపరుకీ ఆవిడ కాలికీ మధ్య మూరెడు దూరం మిగిలింది. స్కూటీ మీది పాల ప్యాకెట్ల సంచి జారి రోడ్డు మీద పడింది.

దిగి ప్యాకెట్లు ఏరిస్తూ, "చూసుకోవాలి కదక్కా" అన్నాను.

"ఏం జూడాలె తమ్మీ? సౌండు లేదు, లైటు లేదు. కారేమో సిమెంటు రంగు. ఎట్ల గనబడ్తది?"

సమాధానం దొరకలేదు. ఆవిడ చెప్పినవన్నీ నిజాలే. నాది సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ఎలక్ట్రిక్ కారు. రంగు అచ్చం తడిసిన రోడ్డు రంగు. ఇంజను చప్పుడు ఉండదు. పాత మోడల్ కాబట్టి ఇప్పటి కార్లకు ముందు తెల్లగా మెరిసే పగటి లైట్లు, అదే డీఆర్ఎల్‌లు, దీనికి లేవు. ఆవిడ స్కూటీకి మాత్రం లైటు వెలుగుతూనే ఉంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నింటికీ హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగేలా తయారీలోనే పెట్టాలన్న నిబంధన వచ్చింది, గుర్తుందా? ఆ కొత్తలో సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి బండివాడికీ ఎదుటివాళ్లు పిడికిలి మూసి తెరిచి సైగ చేసేవాళ్లు, "లైటు వెలుగుతోంది, ఆపుకో" అని. ఇప్పుడు ఎవరూ చెయ్యరు, అలవాటైపోయింది. కార్లకు మాత్రం ఆ నిబంధన పెట్టలేదు.

మిగతా దేశాల సంగతి చూస్తే, స్వీడన్‌లో 1977 నుంచే పగలు కూడా లైట్లు వేసుకుని నడపాలి. యూరప్‌లో 2011 ఫిబ్రవరి నుంచి కొత్తగా వచ్చే కారు మోడళ్లకు డీఆర్ఎల్‌లు తప్పనిసరి చేశారు. అక్కడ చలికాలం పగలు కూడా చీకటిగానే ఉంటుంది, మనకెందుకు అనుకునేవాణ్ణి. ముసురులో సిమెంటు రంగు కారు నడిపే మనిషి అలా అనుకోకూడదని ఆ రోజు అర్థమైంది.

హెడ్‌లైటే వేసుకోవచ్చు కదా అంటారు మీరు. నిజంగానే వేసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ నేను మర్చిపోతాను. నా గురించి నాకు తెలుసు. కాబట్టి నేను మర్చిపోయినా వెలిగేది కావాలి. పైగా చేతిలో ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది. నాలుగేళ్లు చదివి ఒక్క తీగైనా కలపలేదన్న బాధ కూడా ఎక్కడో ఉంది లెండి.

ఇంట్లో చెబితే మొదట వ్యతిరేకించింది నాన్న. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. "పట్టపగలు లైటెందుకురా, బ్యాటరీ దండగ" అన్నారు. లెక్క కట్టి చూపించాను. ఒక్కో లైటు 6 వాట్లు, రెండూ కలిపి 12. మా కారు సిటీలో కిలోమీటరుకి సుమారు 110 వాట్-అవర్లు తాగుతుంది. అంటే గంటసేపు లైట్లు వెలిగితే పోయేది వంద మీటర్ల ప్రయాణం. ఏసీ ఒక్క నంబరు తగ్గిస్తే అంతకంటే ఎక్కువే మిగులుతుంది. నాన్న కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. రెండు కళ్లలోనూ శుక్లాలు, ఆపరేషన్ చేయించాలని డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నారు. "సరే, నీ ఇష్టం" అన్నారు.

కోఠిలో గుజరాతీ గల్లీ నుంచి మొదలుపెట్టి నాలుగు షాపులు తిరిగాను. మొదటి మూడింటిలో చూపించినవి చూస్తే పెళ్లి ఊరేగింపుకి పనికొస్తాయి. నీలం, ఎరుపు, పరిగెత్తే లైట్లు, రిమోటు. "పోలీస్ మోడ్ కూడా ఉంది సార్" అన్నాడొకాయన ఎంతో ప్రేమగా. ముందువైపు ఎరుపు లైటు చూపించడం మోటారు వాహనాల నిబంధనల ప్రకారం నేరం. నాకు కావాల్సింది తెల్లగా, నిలకడగా వెలిగేది. యూరప్ ప్రమాణం ప్రకారం ఒక్కో డీఆర్ఎల్ వెలుగు 400 నుంచి 1200 క్యాండెలాల మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే ఎండలో కనబడదు, ఎక్కువైతే ఎదుటివాడి కళ్లు పోతాయి. ఆ పరీక్ష పాసైన లైటు అద్దం మీద గుండ్రటి గీతలో 'ఇ' అక్షరం, పక్కన 'ఆర్ఎల్' అని అచ్చు ఉంటుంది. నాలుగో షాపులో ఆ గుర్తున్న జత దొరికింది, 1,800 రూపాయలు. దాంతోపాటు అగ్గిపెట్టె సైజులో ఒక కంట్రోల్ డబ్బా.

బిగించడానికి ముందు ఒక్క విషయం. ఎలక్ట్రిక్ కారు బానెట్ ఎత్తితే నారింజరంగు కేబుళ్లు కనిపిస్తాయి. వాటిలో ఉండేది వందల వోల్టులు. అవి మన పని కాదు, వాటి దగ్గరికి చెయ్యి కూడా పోకూడదు. లైట్లు, వైపర్లు, తాళాలు, హారను ఇవన్నీ పక్కనే ఉండే మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీద నడుస్తాయి. మన రాజ్యం అంతవరకే. ముందు దాని మైనస్ తీగ ఊడదీసి, ఆ తర్వాతే పని. ఇంకో షరతు నాకు నేనే పెట్టుకున్నాను. కంపెనీ తీగ ఒక్కటి కూడా కొయ్యను. పెద్ద బ్యాటరీ మీద ఇంకా నాలుగేళ్ల వారంటీ మిగిలి ఉంది. కోసిన తీగ చూపించి రేపు ఎవరైనా వారంటీ చెల్లదంటే ఆ ఖర్చు భరించే శక్తి నాకు లేదు.

డబ్బాతో వచ్చిన కాగితంలో రెండే లైన్లు. ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్‌కి, నల్ల తీగ మైనస్‌కి. మూడో తీగ పార్కింగ్ లైటుకి. మూడోదాని సంగతి తర్వాత చూద్దామని వదిలేసి, ఆదివారం మధ్యాహ్నానికి పని ముగించాను. కారు స్టార్ట్ చేస్తే వెలిగాయి, ఆపితే ఆరాయి. నాన్నను పిలిచి చూపించాను. మా ఆవిడ ఫొటో తీసింది. ఆ రోజు నా నడకే వేరు.

రాత్రి పదకొండింటికి వాచ్‌మన్ ఫోను. "సార్, మీ కారు కండ్లు తెరిచే ఉంది."

కిందికి దిగి చూస్తే, చార్జింగ్‌కి పెట్టిన కారు రెండు లైట్లూ వేసుకుని గోడకేసి చూస్తోంది.

కారణం పట్టుకోవడానికి అరగంట పట్టింది. పెట్రోలు కారులో ఇంజను తిరిగితేనే ఆల్టర్నేటర్ తిరుగుతుంది, అప్పుడే బ్యాటరీ దగ్గర వోల్టేజి 13 దాటి పైకి వెళ్తుంది. ఇంజను ఆపితే మళ్లీ 12 చిల్లరకి దిగుతుంది. ఈ డబ్బా చేసే పనల్లా ఆ వోల్టేజిని చూడటమే. పెరిగితే బండి నడుస్తోందని లైటు వేస్తుంది. ఎలక్ట్రిక్ కారులో ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ నుంచి చిన్న బ్యాటరీకి కరెంటు దించే కన్వర్టర్ ఉంటుంది. అది కారు నడిచేటప్పుడే కాదు, చార్జింగ్‌లో ఉన్నప్పుడు కూడా పనిచేస్తుంది. అంటే ప్లగ్గు పెట్టి నిలబెట్టిన కారు కూడా ఆ డబ్బా లెక్కలో హైవే మీద పరిగెడుతున్నట్టే.

వాచ్‌మన్‌కి ఇదంతా చెప్పే ఓపిక లేక, "ఎలక్ట్రిక్ కారంటే అంతే, పర్లేదు" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మర్నాడు డబ్బా పీకేసి, స్టీరింగు కింద ఒక స్విచ్చు పెట్టాను. పది నిమిషాల పని. ఎక్కగానే నొక్కుతా, దిగేటప్పుడు ఆపుతా. మర్చిపోతానని హెడ్‌లైటు వద్దన్నవాణ్ణి, గుర్తుపెట్టుకుని నొక్కాల్సిన స్విచ్చు పెట్టాను చూడండి. ఆఫీసులో ఎవరైనా ఇలాంటి కోడ్ రాస్తే రివ్యూలో చీల్చి చెండాడేవాణ్ణి.

రెండు వారాలు బాగానే నడిచింది. మూడో వారం శుక్రవారం సాయంత్రం ఏడింటికి కారు సెల్లార్లో పెట్టి, బస్సెక్కి అక్కావాళ్ల ఊరికి వెళ్లాను. ఆదివారం రాత్రి తిరిగొచ్చి నేరుగా పైకి వెళ్లి పడుకున్నా. సోమవారం పొద్దున ఎనిమిదింటికి నాన్నకి కంటి ఆసుపత్రిలో ఆపరేషన్. ఆరున్నరకి కిందికి దిగాం. రిమోట్ నొక్కితే కారు పలకలేదు. చెవి పెట్టి తలుపు తీశాను. లోపల ఒక్క దీపం లేదు. స్విచ్చు మాత్రం ఆన్‌లో ఉంది.

చిన్న బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది. 12 వాట్ల లెక్కన మహా అయితే 35 గంటలు. నేను వదిలేసి వెళ్లింది దాదాపు 60 గంటలు. పెద్ద బ్యాటరీలో 80 శాతం చార్జి ఉంది. కానీ దాన్ని మోటారుకి కలిపే పెద్ద రిలేలు మూసుకోవాలంటే ముందు చిన్న బ్యాటరీ కరెంటు ఇవ్వాలి. నూటయాభై కిలోమీటర్ల శక్తి కింద పెట్టుకుని, ఒక చిన్న రిలేని కదిలించే దిక్కులేక నిలబడింది కారు.

వాచ్‌మన్‌ని అడిగా, ఒక్క ఫోను చెయ్యొచ్చు కదా అని. "మీరే అన్నరు గద సార్, ఎలక్ట్రిక్ కారంటే అంతే అని."

క్యాబ్ కోసం ఇరవై నిమిషాలు, వాన, ట్రాఫిక్. ఆసుపత్రి చేరేసరికి ఎనిమిదీ నలభై అయింది. నాన్న వంతు వేరేవాళ్లకి ఇచ్చేశారు. తర్వాతి తేదీ పన్నెండు రోజుల తర్వాత. వాళ్లను అనడానికేం లేదు, ఆలస్యమైంది మా వల్లే. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. ఆ పన్నెండు రోజులూ పొద్దున్నే పేపరు చేతికి తీసుకునేవారు, హెడ్డింగుల వరకు చూసి మడిచి పక్కన పెట్టేవారు. తిట్టినా బాగుండేది.

పక్కింటి పెట్రోలు కారు నుంచి తీగలు కలిపి కారును లేపాక, ఉప్పల్లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. యాభై దాటిన మనిషి. ఎలక్ట్రిక్ కారు అనగానే "నారింజ తీగలు నేను ముట్టను" అన్నాడు. అప్పుడే నమ్మకం కుదిరింది. నేను చేసినవన్నీ విని ఒకటే అడిగాడు.

"వైపర్ ఎప్పుడు తిరుగుతది?"

"తాళం తిప్పినప్పుడు."

"చార్జింగ్ పెడితే తిరుగుతదా?"

"తిరగదు."

"మరి ఆడికెల్లి తీస్కో."

పని నన్నే చెయ్యమన్నాడు, పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది, వంద రూపాయల లోపే. వైపర్ ఫ్యూజు తీసి, దాని జాగాలో ఈ ట్యాప్ గుచ్చి, ఆ ఫ్యూజుని ట్యాప్‌లోనే మళ్లీ పెడతాం. పక్కనుంచి ఇంకో తీగ బయటికొస్తుంది, దానికి వేరే ఫ్యూజు. తీగ కొయ్యక్కర్లేదు. ఎయిర్‌బ్యాగు, బ్రేకుల ఫ్యూజుల జోలికి మాత్రం పోకూడదు. ఈ తీగ లైట్లను నేరుగా వెలిగించదు, ఒక రిలేని లాగుతుంది, అంతే. లైట్ల కరెంటు చిన్న బ్యాటరీ నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా, ఆ రిలే గుండా వస్తుంది. ఆ ఫ్యూజు బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి. దూరంగా పెడితే మధ్యలో తీగ ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపే దిక్కుండదు. నేను మొదట దూరంగానే పెట్టాను. ఆయన మాట్లాడకుండా ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

పీకేసిన డబ్బాకి మళ్లీ ఉద్యోగం దొరికింది. ఇప్పుడు తాళం తిప్పితేనే దానికి కరెంటు అందుతుంది, కాబట్టి చార్జింగ్ గొడవ లేదు. తాళం తిప్పి వదిలేసినా, కారు రెడీ అయి వోల్టేజి పెరిగేదాకా వెలగదు. ముందు వదిలేసిన మూడో తీగ పార్కింగ్ లైటు ఫ్యూజుకి ఇంకో ట్యాప్‌తో కలిసింది. దాంతో రాత్రి లైట్లు వేస్తే ఇవి ఆరిపోతాయి. చీకట్లో డీఆర్ఎల్ ఎదుటివాడి కళ్లల్లో కొడుతుంది. రెండు గంటల పనికి ఆయన తీసుకున్నది 300. ఇంకో వంద ఇవ్వబోతే, "నువ్వే చేసినవ్ గద" అన్నాడు.

లైట్లు పెట్టుకున్నాక నేను చేసిన పొరపాటు ఒకటి మీరు చెయ్యకండి. ఒకరోజు జోరువానలో వరంగల్ హైవే మీద, ముందు తెల్లగా వెలుగుతున్నాయి కదా అని ధీమాగా పోతున్నా. పక్కకొచ్చిన లారీ డ్రైవరు వెనక్కి చెయ్యి చూపించి అరిచాడు. డీఆర్ఎల్ వెలిగితే వెనక ఎర్రలైట్లు వెలగవు. ముందునుంచి చూసేవాళ్లకే మనం ఉన్నాం, వెనకవాళ్లకి లేం. వానలో, మంచులో మామూలు హెడ్‌లైటే వెయ్యాలి.

నాన్నకి మొదటి కన్ను ఆపరేషన్ అయిపోయింది. మొన్న ఆఫీసు నుంచి వస్తుంటే గేటు దగ్గర నల్లద్దాలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంకా వెలుతురుంది. వీధి మలుపు తిరిగినప్పటి నుంచీ కారువైపే చూస్తున్నారు. ఆపి అద్దం దించాను.

"మలుపు కాడికెల్లే కనబడ్డయ్" అన్నారు. తర్వాత ముందుకొచ్చి, వంగి, చేత్తో కొలిచి, "ఎడమపక్కది జరంత కిందికుందిరా" అన్నారు.

టేపు తెచ్చి కొలిచాను. సెంటీమీటరు తేడా. ఈ ఆదివారం బంపరు మళ్లీ విప్పాలి.