వీధి పద్దు ఎవరు రాయాలి?

నెల జీతాన్ని పాలకింత, కిరాణాకింత, పిల్లల ఫీజులకింత అని పంచే ఇల్లాలికి బడ్జెట్ అర్థం కాదట! మొన్న ఒక పెద్దమనిషి నాతో అన్నమాట ఇది. మా వీధి కాలువ పొంగుతుంటే కూడలిలో నీళ్ళు రాని ఫౌంటెన్ కట్టించినవారు మాత్రం బడ్జెట్ పండితులు కాబోలు!

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989లో పురపాలకులు పేటపేటకీ వెళ్ళి, ముందు కాలువ కావాలా, రోడ్డు కావాలా అని జనాన్నే అడగటం మొదలుపెట్టారు. అంత దూరమెందుకు? 1996లో కేరళ తన ప్రణాళిక నిధుల్లో మూడోవంతు పైగా స్థానిక సంస్థలకు కేటాయించి, గ్రామసభల్లో జనాన్ని కూర్చోబెట్టింది. 2006లో పుణె కూడా పౌరుల సూచనలు తీసుకుంది.

అడగటమంటే సభపెట్టి దండలు వేయించుకోవటం కాదు సుమండీ! వార్డుకింత అని సొమ్ము ముందే విడిగా పెట్టాలి. లెక్కలు తెలుగులో గోడకంటించాలి. సభ వంటవేళ పెట్టకూడదు. కాదన్న పనికి కారణం చెప్పాలి. ఏడాది తిరిగాక ఏం చేశారో వచ్చి ఒప్పజెప్పాలి.

ఇదంతా వాళ్ళ దయకు వదిలితే లాభంలేదు. ఆ పోర్టో అలెగ్రెలోనే 2017లో కొత్త మేయరు ఈ పద్ధతిని నిలిపేశాడు. దయగా ఇచ్చింది దయ తప్పగానే పోతుంది. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళలో వార్డు కమిటీలుండాలని 1992 నాటి రాజ్యాంగ సవరణ చెప్పనే చెప్పింది. మీ వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో అడగండి, పన్ను రసీదు చేతపట్టుకుని మరీ అడగండి. కూరగాయలవాడి దగ్గర పదిరూపాయలకి బేరమాడే మనం, వేలకువేలు ఇంటిపన్ను కట్టి నోరు మూసుకోవటమేమిటి?