చల్లదనం ఖరీదు

వేసవి వచ్చిందంటే విశాఖపట్నం వాళ్ళకు రెండే దిక్కులు: ఒకటి సముద్రం, రెండోది అరకులోయ. సముద్రం ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది కనుక దానికి విలువ తక్కువ. అందుకని మొన్న మే నెలలో ఒక ఆదివారం మేము నలుగురు స్నేహితులం, ఇద్దరి ఇల్లాళ్ళతో సహా, పులిహోర డబ్బాలు సర్దుకుని కిరండూల్ బండి ఎక్కాం.

రైలెక్కితే మనిషికి వయసు తగ్గుతుంది కాబోలు. కోర్టులో అంత గంభీరంగా ఉండే మా ప్లీడరు గారు మొదటి సొరంగం రాగానే అందరికన్నా ముందు కేక పెట్టారు. కొత్తవలస–కిరండూల్ లైను మొత్తంమీద సొరంగాలు 58. అరకు చేరకముందే ఆయన గొంతు పోయింది!

అసలీ లైను మనబోటి షికారు రాయుళ్ళ కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి 1960లలో వేశారు. కొండలు తొలిచింది ఇనుము కోసం. కిటికీలోంచి వచ్చే చల్లగాలి మనకు కొసరు.

శిమిలిగుడ స్టేషను ఎత్తు సుమారు 996 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు 6 డిగ్రీల వేడి తగ్గుతుందని మా లెక్చరరు గారు లెక్క చెప్పారు.

"ఇంకేం! ఆరు డిగ్రీలు ఉచితం" అన్నారు ప్లీడరు గారు.

కాఫీతోట పక్కన ఒక ముసలమ్మ అడ్డాకు విస్తళ్ళు అమ్ముతోంది. కట్ట అరవై రూపాయలంది. మనవాడు నలభై అన్నాడు.

"కొండెక్కి ఆకు కోసి, పుల్లలతో కుట్టాల బాబూ. పొద్దంతా పోతాది" అంది ముసలమ్మ.

"ఏమండీ, మీ ఫీజులో ఎవరైనా మూడోవంతు తగ్గించమంటే ఊరుకుంటారా?" అన్నారు ప్లీడరు గారి భార్య. ఆయన మారుమాట లేకుండా అరవై ఇచ్చేశారు.

ఆ విస్తళ్ళలోనే తోట నీడన పులిహోర తిన్నాం. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. బయట ఎండ చురుక్కుమంటోంది. లోపల హాయిగా ఉంది. ఎదుటి వాలు మాత్రం బోడిగా మాడిపోతోంది. చెట్లు కొట్టి, కాల్చి చేసే పోడు సాగుకు బదులుగా ఈ కొండల్లో కాఫీని ప్రోత్సహించారు. కాఫీకి నీడ కావాలి, నీడకు చెట్టు కావాలి. ఆ చెట్టును నిలబెట్టి, చలికాలంలో ఎర్రగా పండిన కాయను ఏరి చేత్తో కోసేవి గిరిజన కుటుంబాలు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అది వాళ్ళ చలవే.

మా విస్తళ్ళను ఒక ఆవు వచ్చి తినేసింది. మాకన్నా ముందు వచ్చినవాళ్ళెవరో పారేసిన ప్లాస్టిక్ పళ్ళేలను మాత్రం వాసన చూసి వదిలేసింది.

ఎత్తు ఇచ్చే ఆరు డిగ్రీలు ఉచితమే కావచ్చు. నీడ ఉచితం కాదు. దాన్ని ఎవరో పెంచి కాపాడుతున్నారు. మీరూ తప్పక వెళ్ళిరండి. ముసలమ్మ అడిగింది ఇచ్చేయండి. బేరం సరదా ఇంకా తీరకపోతే, కిందికి దిగాక మా ప్లీడరు గారి ఫీజు దగ్గర తీర్చుకోండి!