వేసవికి తగిన కిటికీ

కిటికీ ఇంటికి వెలుగునిస్తుంది, గాలినిస్తుంది; వాటితోపాటు ఎండనూ తెస్తుంది. శీతల దేశాలలో ఇంటిలోని వెచ్చదనాన్ని బయటికి పోనీయకపోవడం కిటికీ ధర్మం. తెలుగునాట బయటి వేడిని లోనికి రానీయకపోవడమే దాని ప్రథమ కర్తవ్యం. ఈ భేదాన్ని గుర్తింపక, సొగసు కోసం పాత చెక్క తలుపులను తొలగించి పెద్ద అద్దాలను బిగించుకొనేవారు నేడు ఎందరో ఉన్నారు.

పూర్వులు ఎండ స్వభావాన్ని చక్కగా ఎరిగినవారు. మందమైన మట్టిగోడలు, చిన్న కిటికీలు, ముందుకు వాలిన చూరు, నీడనిచ్చే వసారా వారి అనుభవం నేర్పిన పాఠాలు. మధ్యాహ్నం కిటికీ రెక్కలు మూసి, సాయంత్రం చల్లగాలికి తెరిచేవారు. వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు.

సాధారణమైన పలుచని అద్దం తనపై పడిన సౌరతాపంలో సుమారు 80 శాతాన్ని లోనికి పంపుతుంది. లోపల తెర వేసినా ప్రయోజనం స్వల్పమే; అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే చిక్కుకొంటుంది. కనుక ఎండను కిటికీ వెలుపలనే ఆపాలి. దక్షిణపు కిటికీకి చిన్న సన్‌షేడ్ చాలును. తూర్పు పడమరల ఎండ ఏటవాలుగా పడుతుంది. అక్కడ వెదురు తడికో, చెట్టునీడో అవసరం. పడమటి కిటికీ చిన్నదిగా ఉండడం మేలు.

కొత్త కిటికీలు కొనేవారు ముందుగా దిక్కును, తరువాత ధరను చూడాలి. వేడిని తగ్గించే పూత గల జంట అద్దాలు మేలైనవి. అల్యూమినియం చట్రం కంటే కలప, యూపీవీసీ చట్రాలు వేడిని తక్కువగా ప్రసరింపజేస్తాయి. ఏసీ గదిలో తలుపు కింది సందును మూయకపోతే ఎంత మంచి అద్దమైనా పూర్తి ఫలితమివ్వదు.

జంట అద్దాలు సామాన్యునికి భారమనే మాట నిజమే. కాని నీడకు అంత వ్యయం లేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం నివాస గృహాలకై ‘ఎకో నివాస్ సంహిత’ను వెలువరించి, గోడలు, కిటికీల గుండా లోనికి వచ్చే వేడికి పరిమితిని నిర్దేశించింది. అయితే నియమాలు పుస్తకాలలో ఉన్నంత మాత్రాన ఇళ్ళు చల్లబడవు. కట్టేవారికీ, కట్టించుకొనేవారికీ వివేకం కలగాలి.

ఏసీ ఒక గదిని చల్లబరచి, ఆ వేడిని వీధిలోకి వదులుతుంది. ఏసీ కొనలేని పొరుగువాడు రాత్రివేళ ఆ వేడినే భరిస్తాడు. అందుచేత కిటికీ ఎంపిక ఒక ఇంటి సొంత వ్యవహారం మాత్రమే కాదు. నీడను ఆశ్రయించిన ఇల్లు తనకూ, ఇరుగుపొరుగుకూ మేలు చేస్తుంది.