వైద్యం హక్కు, రోగ రహస్యం అమానత్

పేదవానికి జబ్బు చేస్తే రెండు భయాలు పట్టుకుంటాయి. ఒకటి ఖర్చు భయం. రెండవది నలుగురికీ తెలిసిపోతుందన్న భయం. మొదటి భయాన్ని తొలగించేందుకు ప్రభుత్వాలు ఆరోగ్య బీమా పథకాలు తెచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2018 సెప్టెంబరులో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ ఎన్నో ముస్లిం కుటుంబాలను అప్పుల ఊబి నుండి కాపాడాయి. ఆ మేలును మేము కాదనడం లేదు. కానీ మొదటి భయం తీర్చాము గనుక రెండవ భయాన్ని మౌనంగా భరించండి అనడం న్యాయం కాదు. ఉచిత వైద్యానికి రోగి తన రహస్యాన్ని వెలగా చెల్లించనవసరం లేదు.

బీమా కింద వైద్యం జరిగే తీరును ఒకసారి గమనించండి. రోగి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర బల్ల వద్దకు వెళ్ళి కార్డు, ఆధార్ చూపాలి. పరీక్షల నివేదికలు ఆన్‌లైన్‌లోకి ఎక్కుతాయి. వాటిని చూసి ట్రస్టు వైద్యులు ముందస్తు అనుమతి ఇస్తారు. చికిత్స పూర్తయ్యాక డిశ్చార్జి పత్రం, ఫొటోలు, బిల్లులు మళ్ళీ పైకి వెళతాయి. ఒక గర్భసంచి ఆపరేషన్, ఒక క్షయ నివేదిక, ఒక మానసిక రుగ్మత నిర్ధారణ ఇలా ఎందరి కళ్ళ ముందు నుండి సాగిపోతుందో రోగికి తెలియదు. ఎవరు చూశారో అడిగే దారి కూడా అతనికి ఎవరూ చూపరు.

ఇక ఆ బల్ల దగ్గరి సంగతి. జనం కిక్కిరిసిన వరండాలో, వెనుక పది మంది నిలబడి ఉండగా “ఏం జబ్బు?” అని గట్టిగా అడిగితే ఒక పడుచు పిల్ల ఏమని జవాబు చెబుతుంది? శస్త్రచికిత్స జరిగిందనడానికి రుజువుగా మచ్చ కనిపించేలా ఫొటో అడిగే పద్ధతి ఈ పథకాలలో ఉంది. ఆ ఫొటో ఎవరు తీస్తారు, ఎవరి ఫోనులో తీస్తారు, తరువాత అది ఎక్కడ ఉంటుంది అన్న ప్రశ్నలకు రోగి మంచం దగ్గర జవాబు దొరకదు. పరదా పాటించే స్త్రీలకే కాదు, మానం గల ఏ స్త్రీకైనా ఇది వేదనే. విశాఖపట్నంలో స్త్రీల ఆసుపత్రికి గోషా ఆసుపత్రి అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. స్త్రీల మరుగును గౌరవిస్తేనే వారు వైద్యానికి వస్తారన్న ఎరుక ఆ పేరులోనే ఉంది. ఆనాటి వారికి తెలిసిన ఈ సత్యం కంప్యూటర్ల కాలంలో మరుగున పడరాదు.

రుజువులు అడగకపోతే దొంగ బిల్లులు పెరుగుతాయని అధికారులు అంటారు. ఈ వాదనలో బలం లేకపోలేదు. డబ్బు కోసం పేద స్త్రీలకు అనవసరంగా గర్భసంచులు తొలగించిన ఉదంతాలు మన తెలుగు నేల మీదనే బయటపడ్డాయి. తనిఖీ ఉండవలసిందే. అయితే తనిఖీ చేసే వైద్యునికి కావలసింది కణ పరీక్ష నివేదిక, స్కానింగు, ఆపరేషన్ వివరాలు. వాటిని చూడటానికి రోగి పేరు, ముఖం, చిరునామా అందరికీ తెరచి ఉంచనక్కరలేదు. దొంగతనం చేసేది ఆసుపత్రి అయినప్పుడు మర్యాద పోగొట్టుకొనేది రోగి కావడం ఏమి నీతి?

రోగ రహస్యం బయటపడితే ఎవరికైనా నష్టమే. మన సమాజానికి ఆ నష్టం మరింత బరువైనదని 2020 నేర్పింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్ళివచ్చిన వారి జాబితాలు నాడు పేర్లతో, ఫోను నంబర్లతో ఫోనుల్లో తిరిగాయి. ఢిల్లీ ప్రభుత్వ రోజువారీ ప్రకటనలో మర్కజ్ కేసులకు ప్రత్యేకంగా ఒక గడి కేటాయించగా, ఢిల్లీ మైనారిటీ కమిషన్ అభ్యంతరం తెలిపింది. రోగానికి మతం అంటగట్టిన ఫలితాన్ని కూరగాయల బండి తోసుకొనే పేదవాడు కూడా అనుభవించాడు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చింది గానీ, వీధిలో పోయిన పరువు తిరిగి రాలేదు. వైద్య సమాచారం చేతులు మారితే ఏమవుతుందో మనకు ఎవరూ వేరుగా బోధించనక్కరలేదు.

చట్టం మన పక్షాన లేదా? ఉంది, కొంత మేరకు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. ప్రభుత్వం దానిని పరిమితం చేయాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరాన్ని మించి చొరబడరాదు. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవీ చట్టం రోగి సమ్మతి లేకుండా అతని స్థితిని వెల్లడించడాన్ని నిషేధించింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగికి గోప్యత హక్కునిచ్చింది.

అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మమ్మల్ని నిరాశపరచింది. కంపెనీలకు వర్తించే 2011 నాటి నిబంధనలు వైద్య రికార్డులను సున్నిత సమాచారంగా వేరు చేసి చూపాయి. కొత్త చట్టంలో అట్టి ప్రత్యేక తరగతి లేదు. రాయితీలు, ప్రయోజనాలు అందించే సందర్భంలో ప్రభుత్వం కొన్ని పరిస్థితులలో కొత్తగా సమ్మతి అడగకుండానే సమాచారం వాడుకొనే వీలు ఉంది. ప్రజా భద్రత పేరిట కొన్ని ప్రభుత్వ సంస్థలను చట్టం నుండే మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. బీమా మీద ఆధారపడే పేదవాని సమాచారానికే రక్షణ పలుచనైనదన్న మాట.

మరోవంక సమాచార సేకరణ విస్తరిస్తున్నది. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ వచ్చింది. పౌరునికి 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నారు. తెలంగాణలో 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ఇంటింటి హెల్త్ ప్రొఫైల్ మొదలైంది. రికార్డు ఒకచోట ఉంటే వైద్యునికి మేలే, మేము ఒప్పుకుంటాము. కానీ 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపైనే సైబర్ దాడి జరిగి, రోజుల తరబడి పనులు చేతిరాతతో సాగాయి. అంత పేరున్న ఆసుపత్రికే ఆ గతి పడితే, మండల కేంద్రంలోని చిన్న ఆసుపత్రి మాటేమిటి?

అందుకే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది స్పష్టం. సమ్మతి పత్రం తెలుగులోను, ఉర్దూలోను ఉండాలి, చదువు రానివారికి చదివి వినిపించాలి. ఆభా స్వచ్ఛందమని విధాన పత్రమే చెబుతున్నది గనుక, అది లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం నిరాకరించరాదని ప్రతి ఆసుపత్రిలో బోర్డు పెట్టాలి. ఆరోగ్యమిత్రతో మాట్లాడటానికి మరుగు చోటు కావాలి. స్త్రీల ఫొటోలు స్త్రీ సిబ్బందే తీయాలి, మచ్చ ఫొటోలో ముఖం ఉండరాదు, సొంత ఫోన్లు వాడరాదు. తన రికార్డును ఎవరు తెరచారో రోగి అడిగితే చెప్పాలి. మతం, బస్తీ ఆధారంగా రోగుల జాబితాలు తయారు చేయడాన్ని, బయటపెట్టడాన్ని నేరంగా పరిగణించాలి.

మన కుటుంబాలకు, మస్జిద్ కమిటీలకు, యువజన సంఘాలకు కూడా బాధ్యత ఉంది. వైద్య సహాయం కోరుతూ పంపే వాట్సాప్ సందేశంలో రోగి ఫొటో, రిపోర్టు, ఫోను నంబరు పెట్టవలసిన పని లేదు. నమ్మకస్తులైన ఇద్దరు పెద్దలు చూసి ధ్రువీకరిస్తే దాతకు అది చాలు. ఆసుపత్రిలో సంతకం చేసే ముందు “ఇది దేనికి, ఎవరు చూస్తారు, వద్దంటే వైద్యం ఆగుతుందా” అని మూడు ప్రశ్నలు అడగడం మన ఆడపిల్లలకు నేర్పాలి. బస్తీలో చదువుకున్న ఒక్కరైనా అట్టి రోగి వెంట వెళ్ళి నిలబడాలి.

ఒకరు నమ్మి అప్పగించినదాన్ని కాపాడటాన్ని మనం అమానత్ అంటాము. రోగి తన శరీరపు కథను వైద్యునికి అప్పగిస్తున్నాడు, వైద్యుని ద్వారా ప్రభుత్వానికి అప్పగిస్తున్నాడు. ఆ నమ్మకం చెదిరిననాడు మన అక్కచెల్లెళ్ళు జబ్బును దాచుకుంటారు, ముదిరాక గాని ఆసుపత్రి గడప తొక్కరు. అప్పుడు కార్డు మీద ఎన్ని లక్షల బీమా రాసి ఉన్నా ప్రాణం నిలవదు.