గాలి కొడుకు ఆడిన ఏడాది

కొడికొండ చెక్‌పోస్టు దాటి పెనుకొండ వైపు వస్తుంటే రోడ్డు పక్క హోటళ్ల బోర్డుల మీద తెలుగు, ఇంగ్లీషులతోపాటు ఇంకో లిపి కనబడుతుంది. సున్నాలు, నిలువు గీతలు, అడ్డగీతలు చిన్న చిన్న పెట్టెల్లో సర్దినట్టుండే కొరియా లిపి. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్లు తయారవడం మొదలైనప్పటి నుంచి మన కళ్లు దానికి అలవాటు పడ్డాయి. వచ్చినవాళ్ల గురించి మన మాటలు మాత్రం ఇంటి అద్దెలు, ఎకరం ధర, మన పిల్లలకు దొరికిన ఉద్యోగం, దొరకని ఉద్యోగం దగ్గరే తిరుగుతుంటాయి. అవి మాట్లాడుకోవలసినవే. అయితే ఇన్నేళ్లుగా పక్కనే ఉంటున్న మనుషులు సాయంత్రం పని దిగాక ఏ కబురు కోసం ఫోను తీస్తారో కూడా తెలిసి ఉంటే బాగుంటుంది. వారిలో చాలామందికి అది బేస్‌బాల్ స్కోరే అయి ఉంటుంది.

మన రోడ్డు మీద కారుకున్న పేరే అక్కడ ఒక జట్టుకూ ఉంది. కియా టైగర్స్. ఊరు గ్వాంగ్‌జు. కొరియా లీగ్‌లో పది జట్లు, ఒక్కోదానికి 144 మ్యాచ్‌లు. మన ఉగాది రోజుల్లో మొదలై దసరా దాకా సాగుతుంది. సోమవారం ఒక్కటే సెలవు. రెండు నెలల ఐపీఎల్‌కు అలవాటు పడ్డ మనకు ఇది ఆటలా కాక వ్యవసాయంలా అనిపిస్తుంది.

గ్వాంగ్‌జు ఉన్న చొల్లా ప్రాంతం కథ రాయలసీమ వాడికి విడమరచి చెప్పనక్కర్లేదు. సైనిక పాలకుల కాలంలో ఫ్యాక్టరీలు ఎక్కువగా దేశానికి ఆగ్నేయ మూలకు తరలిపోయాయి. చొల్లా జనం పొట్ట చేతబట్టుకుని సియోల్‌కు వలస పోయారు. 1980 మేలో గ్వాంగ్‌జు ప్రజలు సైనిక పాలన మీద తిరగబడితే సైన్యం కాల్పులు జరిపింది. రెండేళ్లకు, 1982లో, ఆ దేశంలో ప్రొఫెషనల్ బేస్‌బాల్ మొదలైంది. బిస్కెట్లు, మిఠాయిలు చేసే హైతై కంపెనీ గ్వాంగ్‌జులో జట్టు పెట్టింది. నోరు విప్పి ఏడవడానికి వీల్లేని ఆ రోజుల్లో జనానికి మైదానమే దిక్కయింది. గెలిచినా ఓడినా వాళ్లు అక్కడ పాడుకున్నది ‘మొక్‌పో కన్నీళ్లు’ అనే 1935 నాటి పాట. జపాను ఏలుబడిలో పుట్టిన పాట అది. హైతై జట్టు 1983 నుంచి 1997 లోపు తొమ్మిదిసార్లు చాంపియన్ అయింది. ఆ తొమ్మిది గెలుపులు ఆ ఊరికి ఏమిచ్చాయో లెక్కగట్టడం కష్టం.

ఆ జట్టులో ఇద్దరున్నారు. సన్ దాంగ్‌యోల్ పిచర్. అంటే బంతి విసిరేవాడు. 11 ఏళ్లలో 146 మ్యాచ్‌లు గెలిపించాడు. దేశ సంపద అని పిలిచేవారు. లీ జాంగ్‌బమ్ బ్యాటు పట్టేవాడు. 1994లో ఒక్క సీజన్‌లో 84 సార్లు ప్రత్యర్థి కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరిగెత్తి చేరాడు. అతన్ని ‘గాలి కొడుకు’ అన్నారు. ఇద్దరిదీ గ్వాంగ్‌జు ఊరే. ఇద్దరూ చదివింది ఒకే బడిలో.

ఆ బడిని తలుచుకుంటే మనసు నిలవదు. 1929 నవంబరులో జపాను పాలన మీద గ్వాంగ్‌జు విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. రైలు ప్రయాణంలో జపాను కుర్రాళ్లు కొరియా ఆడపిల్లలను అవమానించడంతో రాజుకున్న గొడవ అది. చూస్తుండగా దేశమంతా పాకింది. దానికి పుట్టిల్లు ఆ బడే. అక్కడ చదివిన సన్ 1996లో జపాను వెళ్లాడు. నగోయా ఊరి జట్టు చునిచి డ్రాగన్స్‌లో చేరాడు. ఒకప్పటి ఏలినవారి దగ్గర కొలువుకు పోవడం ఎంత బరువో మనకు తెలియనిది కాదు.

మొదటి ఏడాది అతనికి కలిసిరాలేదు. ధారాళంగా పరుగులిచ్చాడు, రెండో జట్టులోకి దించారు. దేశ సంపద అనిపించుకున్నవాడు, వయసు ముప్పై దాటినవాడు, కుర్రాళ్లతో కలిసి మళ్లీ మొదటి నుంచి సాధన చేశాడు. ధర్మవరంలో ఒక పడుగు అయిపోతే పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతికి మగ్గం నడిపిస్తారు. వేల పోగులు. ఒక్కటి జారినా చీరలో కనబడుతుంది. ఆ ఏడాది సన్ చేసినది అలాంటి పనే. 1997లో 38 మ్యాచ్‌లను ఆఖరి ఘడియలో నిలబెట్టాడు. గెలుపు అంచున ఉన్న మ్యాచ్ చేజారకుండా చివర్లో వచ్చి కాపాడడం అతని పని. ఇంటికి తాళం వేసి వచ్చే పెద్దాయన పనిలాంటిది.

1998లో లీ కూడా నగోయా చేరాడు. జూన్‌లో బంతి తగిలి మోచేయి విరిగింది. ఆగస్టులో అదే ఊళ్లో అతనికి కొడుకు పుట్టాడు.

ఇక 1999. మొదటి 11 మ్యాచ్‌లూ చునిచి వరుసగా గెలిచింది. ఆ ఏడాది 135 మ్యాచ్‌లలో 81 గెలిచి సెంట్రల్ లీగ్ విజేత అయింది. సెప్టెంబరు 30న టోక్యో జింగు మైదానంలో ఆ గెలుపు ఖాయమైనప్పుడు చివరి బంతి సన్ చేతిలోనిదే. పరాయి దేశపు జట్టుకు తాళం వేసింది గ్వాంగ్‌జు మనిషి. తర్వాత దేశ విజేతను తేల్చే జపాన్ సిరీస్‌లో చునిచి ఓడింది. సన్ ఆ ఏటితోనే ఆట విరమించాడు. 1929 నాటి గాయం ఆ ఒక్క రాత్రికి మానిందని చెప్పలేం. అలా చెప్పడం ఆ పిల్లలను చిన్నబుచ్చడమే. కానీ నగోయా జనం ఒక కొరియా పేరును నోరారా అరిచారు. అదీ చరిత్రే.

వీళ్లు అక్కడ ఆడుతుండగా ఇంటి దగ్గర దీపం కొండెక్కుతోంది. 1997 ఆర్థిక సంక్షోభంలో హైతై కూలింది. అదే ఏడు కియా కూడా కుప్పకూలి, మరుసటి ఏడాది హ్యుందాయ్ నీడకు చేరింది. అలా తాను పడిలేచిన కియా 2001 ఆగస్టులో గ్వాంగ్‌జు జట్టును చేపట్టింది. లీ కూడా అప్పుడే తిరిగొచ్చాడు. 2009లో టైగర్స్ మళ్లీ చాంపియన్ అయినప్పుడు జట్టులో ఉన్నాడు. 2017, 2024 గెలుపులతో మొత్తం పన్నెండు. 2024 గెలుపు అక్టోబరు 28న వచ్చింది. మనం దీపావళి ప్రమిదలు సర్దుకుంటున్న రోజులు. మరుసటి సీజన్‌లో అదే జట్టు ఎనిమిదో స్థానానికి జారింది. వేరుశనగ వేసే రైతుకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

తెల్లవారుజామున హిందూపురం స్టేషన్‌లో బెంగళూరు రైలు కోసం నిలబడే మన పిల్లలకూ, ఇల్లు వదిలి పెనుకొండలో కాపురం పెట్టిన కొరియా ఉద్యోగులకూ ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోవడానికి ఎంతో ఉంది. వాళ్ల బ్యాటూ బంతీ, మన చిల్లాకట్టె ఒకే చోట చేరితే చూడాలని మా కోరిక. ఏదో ఒక బడి మైదానం, ఒక ఆదివారం సాయంత్రం చాలు.

నగోయాలో పుట్టిన ఆ పసివాడు లీ జంగ్‌హూ ఇప్పుడు అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకు ఆడుతున్నాడు. కొరియాలో అతన్ని ‘గాలి మనవడు’ అంటారు. పెనుకొండ కోట ఎర్రమంచి ద్వారం దగ్గర ఆంజనేయస్వామి నిలువెత్తు విగ్రహం ఉంది. దారిన పోతూ ఏ కొరియా మనిషైనా ఆగి ఈయన ఎవరని అడిగితే గాలి కొడుకని చెప్పండి. అడిగిన మనిషి ముఖం వెలిగిపోతుంది.