తిథి తెలియని తాత

మహాలయ పక్షము వచ్చినదనగా మా ఇంట ఒక చిన్న వివాదము తప్పకుండెడిది. ఆయుధముచే మరణించినవారికి చతుర్దశినాడు పెట్టవలెనని మా పురోహితుడుగారు చెప్పెడివారు. తిథి తెలియనివారికి అమావాస్యయే గతి యని మా నాయనమ్మ పట్టు. “యుద్ధంలో పోయినవాడు కదమ్మా” అని ఆయన అనగా, “యుద్ధానికి పోయినాడు బాబుగారూ. తుపాకి తగిలి పోయినాడో, జ్వరం తగిలి పోయినాడో చూసొచ్చినవాళ్లెవరు?” అని ఆమె అడిగెడిది. దీనికి ఆయనవద్ద సమాధానము లేదు. అమావాస్యనాడే ఆమె బియ్యము, పప్పు, కూరలు, ఒక గుమ్మడికాయ ముక్క చేటలో పెట్టి స్వయంపాకమిచ్చెడిది. ఎవరి పేరిట అని అడిగినప్పుడు తాను చెప్పక మా నాయనవైపు చూచెడిది. భర్త పేరు నోట పలుకరాదను ఆచారమును ఆమె కడవరకు తప్పలేదు.

మా తాత 1941లో సైన్యములో చేరి, 1944లో బర్మా యుద్ధరంగమున మరణించినాడు. అప్పటికి మా నాయనకు నాలుగేండ్లు. మరణవార్త తెచ్చిన ఇంగ్లీషు కాగితము, బెంగుళూరు శిక్షణ కేంద్రమునుండి ఆయన వ్రాయించిన రెండు ఉత్తరములు, ఒక ఛాయాచిత్రము మా భోషాణములో ఉండెడివి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో కృష్ణా తీరపు గ్రామములతోబాటు మా ఇల్లును మునిగినది. భోషాణము దొరకినది, అందులోని కాగితములు ముద్దయైనవి. నాకప్పుడు ఎనిమిదేండ్లు. ఆ పటమును చూచిన జ్ఞాపకము కలదు గాని అందులోని ముఖము జ్ఞాపకము లేదు.

తాతను వెదకవలెనను కోరిక నాకు నలుబదేండ్లు దాటిన పిదప గాని కలుగలేదు. అప్పటికి నాయనమ్మ లేదు. ఇది నా కుటుంబ వ్యవహారమే. అయినను ఉపాధ్యాయుల ముందు, విద్యార్థుల ముందు పెట్టుటకు కారణమున్నది. రెండవ ప్రపంచ యుద్ధములో అవిభక్త భారతదేశమునుండి సుమారు 25 లక్షలమంది సైన్యములో చేరినారు. 87 వేలకు పైగా మరణించినారు. వారిలో మన జిల్లాలవారును ఉన్నారు. వారి మనుమలు మీ తరగతులలో తెలుగు చదివినవారే, మునిమనుమలు ఇప్పుడు చదువుచున్నవారే.

ఇక్కడ భాషాబోధకునిగా ఒక మాట చెప్పుకొనుటకు అనుమతించవలెను. పదునెనిమిదవ శతాబ్దిలో ఉత్తర హిందూస్థానమున సిపాయికి ‘తిలంగా’ అని పేరు. ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన తొలి సిపాయిలలో తెలుగుదేశమువారు ఉండుటచే ఆ పేరు వచ్చినది. పిదప తెలుగు మాట చెవినబడని అవధ్ సిపాయిని గూడ తిలంగా అనియే పిలిచినారు. జాతి పేరు వృత్తి పేరైనది. అట్టి తెలుగువానినే పందొమ్మిదవ శతాబ్ది చివర సైన్యమునకు పనికిరానివానిగా తీర్మానించినారు. 1881 నుండి 1885 వరకు మదరాసు సైన్యాధిపతిగా ఉండి, పిమ్మట భారత సర్వసైన్యాధిపతియైన రాబర్ట్స్ దక్షిణాది సిపాయిని చిన్నచూపు చూచినవారిలో ముఖ్యుడు. ‘యోధజాతులు’ అను సిద్ధాంతము బలపడినది. మదరాసు పదాతి దళములు ఒక్కొక్కటియే రద్దై, సాపర్లు మాత్రము మిగిలినారు. 1939 తరువాత మనుష్యుల అవసరము కలుగగానే ఆ సిద్ధాంతము మూలబడినది; మదరాసు రెజిమెంటు తిరిగి లేచినది.

మా తాత చేరినది మదరాసు సాపర్లలో. సాపరు అనగా సైన్యమునకు దారి చేయువాడు. వంతెన కట్టుట, రోడ్డు వేయుట, బావి త్రవ్వుట, శత్రువు పాతిన మందుపాతరలు వెలికి తీయుట అతని పని. “ఎందుకు చేరినాడు నాయనమ్మా?” అని చిన్నతనములో అడిగితిని. “రెండెకరాలు తాకట్టులో ఉన్నయి” అన్నది. అంతే. రాజభక్తి, సాహసము మొదలైన మాటలు ఆ జవాబులో లేవు. మనియార్డరులతో తాకట్టు విడిపించవచ్చునని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. ఆయన పోయిన రెండేండ్లకు పొలము విడిపింపబడినది.

1947 తరువాత ఇట్టివారి మాట ఊరిలో ఎవరును ఎత్తలేదు. మా నాయన చదివిన బడిలో ఆగస్టు 15న స్వాతంత్ర్య యోధులను ముందు వరుసలో కూర్చుండబెట్టెడివారట. తెల్లదొర జీతము తిన్నవాని కొడుకు తన తండ్రి సంగతి ఎవరికి చెప్పుకొనును? ఆయన చెప్పుకొనలేదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయినప్పుడు చిక్కిన భారత సైనికులలో వేలకొలది ఆజాద్ హింద్ ఫౌజులో చేరినారు. 1944లో ఇంఫాల్ రంగమున రెండు వైపుల భారతీయులే ఉన్నారు. ఫౌజువారికి తరువాత స్వాతంత్ర్య సమరయోధుల గౌరవ భృతి లభించినది. అది న్యాయమే. కాని రెండవ వైపున చచ్చినవాని పేరు పలుకుట గూడ దోషమైనట్లు మనము ప్రవర్తించితిమి. మా తాతను వీరుని చేయవలెనని నా కోరిక కాదు. ఆయన పోరిన పక్షము ఆయన ఎన్నుకొన్నది కాదు. అయినను ఆయన మన ఊరివాడు. ఊరు అతనిని ఎరుగనట్లుండుట నాకు సరియని తోచదు.

ఇక వెదకులాట సంగతి. 1917లో ఏర్పడిన కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘము రెండు ప్రపంచ యుద్ధములలో మరణించిన 17 లక్షలమంది స్మరణకు బాధ్యత వహించినది. దాని పట్టికలను ఇంటర్నెట్టులో ఎవరైనను చూడవచ్చును. బర్మా యుద్ధములో మరణించి, సమాధి తెలియనివారి పేర్లు రంగూనుకు ఉత్తరమున తౌక్యాన్ శ్మశానవాటికలోని రంగూన్ స్మారకముపై చెక్కబడినవి. అవి ఇంచుమించు 27 వేలు. నేను మా ఇంటిపేరు పెట్టి వెదకితిని. లేదు. తాత పేరు పెట్టి వెదకితిని. ఆ పేరువారు కొందరు కనబడినారు గాని మావాడు వారిలో లేడు.

లోపము ఎక్కడ నున్నదో తెలియుటకు నాకు చాలకాలము పట్టినది. తెలుగు చెప్పి బ్రతుకువాడను, మొదటి దినముననే తెలియవలసినది! మన ఇంటిపేరు ముందు వచ్చును, ఇంగ్లీషువారిది వెనుక. చేరినప్పుడు వ్రాసుకొన్న గుమాస్తా మన ఇంటిపేరును ఒక అక్షరముగా కుదించవచ్చును, ఊరి పేరనుకొనవచ్చును, విడిచివేయవచ్చును. తక్కిన పేరైనను నిలుచునా? ల-ళ, న-ణ, ట-త, డ-ద ఆ లిపిలో ఒక్కటే. ‘వేంకటస్వామి’ అను పేరును ఇంగ్లీషులో ఎన్ని విధముల వ్రాయవచ్చునో ఒకనాడు నా తరగతిలో వ్రాయించితిని. పదునేడు రూపములు తేలినవి. కృష్ణా జిల్లాయే పాత దస్తావేజులలో ‘కిస్ట్నా’ అయినది. ఒక మారుమూల పాళెము గతి ఏమి కావలెను? జిల్లాల ఎల్లలు గూడ నిలువలేదు. పశ్చిమ గోదావరి 1925లో పుట్టినది. తాలూకాలు పోయి 1985లో మండలములు వచ్చినవి. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 26 అయినవి. నేటి చిరునామాతో నాటి మనిషిని వెదకరాదు.

అప్పుడు తాతను విడిచి నాయనమ్మను వెదకితిని. ఆ పట్టికలలో అనేకుల పేర్ల చెంత, ఫలానావారి కుమారుడు, ఫలానా ఆమె భర్త, ఫలానా గ్రామము, జిల్లా అని ఒక పంక్తి యుండును. ఆ పంక్తులను జల్లెడ పట్టగా మూడు వారములకు ఒక రాత్రి దొరకినాడు. ఇంటిపేరు లేదు. పేరులో రెండక్షరములు మారినవి. గ్రామనామములో సగము లేదు. మా నాయనమ్మ పేరు మాత్రము తప్పు లేకుండ నున్నది. భర్త పేరు ఎన్నడును పలుకని ఆమె పేరే ఆయనను పట్టియిచ్చినది. ఆ రాత్రి మా ఇంట ఎవరును నిద్రపోలేదు. నేను చదువుచుండగా మా నాయన ఆ ఒక్క పంక్తినే నాచేత నాలుగు మారులు చదివించుకొన్నారు.

మరణదినము 1944 జూలై రెండవ వారములోనిది. తారణ నామ సంవత్సరము, ఆషాఢ బహుళము. పాత పంచాంగము సంపాదించి తిథి కట్టించితిమి. డెబ్బదేండ్ల తరువాత మా నాయన తన తండ్రికి మొదటిసారి తద్దినము పెట్టినారు.

కాని నాయనమ్మ అడిగినదానికి ఆ పంక్తిలో జవాబు లేదు. పేరు, నంబరు, దళము, దినము ఉన్నవి. మరణ కారణము లేదు. 1944 జూన్ 22న ఇంఫాల్ ముట్టడి సడలినది. జూలైలో వానలు, బురద. ఆ దారిలో శత్రువును తరుముచు పోవు సైన్యమునకు సాపర్లు బాట వేయవలెను. గుండు తగిలియుండవచ్చును, మందుపాతర పేలియుండవచ్చును, కొండవాగు కొట్టుకొనిపోయి యుండవచ్చును. జ్వరము గూడ అయియుండవచ్చును. 1943లో ఆ రంగమునుండి గాయపడి తరలింపబడిన ఒక్కనికి 120 మంది చొప్పున రోగులు తరలింపబడినారని ఆ సైన్యమును నడిపిన జనరల్ స్లిమ్ తన గ్రంథములో చెప్పినాడు. అందులో మలేరియా ముఖ్యము. మా నాయనమ్మ ఏ గ్రంథమును చదువలేదు. అయినను తుపాకియా, జ్వరమా అని ఆమె అడిగిన ప్రశ్న చరిత్రకారుడు అడుగవలసిన ప్రశ్నయే.

కారణము తెలుసుకొనుటకు ఒక కార్యాలయమునకు మూడు ఉత్తరములు వ్రాసితిని. మొదటిదానికి జవాబు లేదు. రెండవదానికి, సైనికుని నంబరు తెలుపుమని వచ్చినది. మూడవదానిలో నంబరు తెలిపితిని. దానికి జవాబు లేదు.

మా తాత పేరు తప్పుగానైనను రాతిపై నున్నది. మొదటి ప్రపంచ యుద్ధమున మెసపొటేమియాలో పోయినవారికి ఆ భాగ్యము గూడ లేదు. 1929లో ఆవిష్కరింపబడిన బస్రా స్మారకముపై బ్రిటిషువారి పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కినారు. సామాన్య భారత సిపాయిలకు దళము పేరు క్రింద ఒక సంఖ్య మాత్రము వేసినారు. 2021 ఏప్రిలులో ఆ సంఘమే ఈ అసమానతను ఒప్పుకొని క్షమాపణ చెప్పినది. మన దేశములోను కొన్ని ఊళ్లలో ఆ యుద్ధమునకు ఇందరు పోయినారు, ఇందరు చచ్చినారు అని తెలుపు చలువరాతి ఫలకములున్నవి. వాటిపైనను సంఖ్యలే. భారతము స్త్రీపర్వములో ధృతరాష్ట్రుడు మృతుల లెక్క అడుగగా ధర్మరాజు లెక్క చెప్పును. అక్కడితో ఆగడు. దిక్కులేనివారికి గూడ యథావిధి సంస్కారము జరుపుడని విదురాదులకు ఆనతిచ్చును. మన ఫలకములు మొదటి సగముతో ఆగినవి.

పంజాబు సంగతి వేరు. మొదటి యుద్ధము ముగిసిన పిదప అక్కడ గ్రామము గ్రామమునకు సైనికుల పట్టికలు వ్రాయించినారు. సుమారు 3 లక్షల 20 వేలమంది పేర్లున్న ఆ పుస్తకములు లాహోరు మ్యూజియములో నిలిచి, 2021 నుండి కొన్ని జిల్లాలవి అందరికిని అందుబాటులోనికి వచ్చుచున్నవి. ఇంగ్లండులో స్థిరపడిన పంజాబీ యువకుడు తన ముత్తాత ఊరి పుట తెరచి చూచుకొనగలుగుచున్నాడు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరము వంటి ఊరు తనవారిని మరువలేదు, దాని పేరే సాక్షి. తక్కిన ఊళ్ల పట్టిక మనమే వ్రాసికొనవలెను.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపము. ‘మా ఊరు’ అని విద్యార్థులచేత వ్యాసము వ్రాయించుచుందుము. చెరువు, గుడి, రచ్చబండ ప్రతి వ్యాసములోను ఒక్కటే. దానికి బదులు, ఏ ఇంటినుండి ఎవరు యుద్ధమునకు పోయినారో ముసలివారిని అడిగి వ్రాయుమనరాదా? ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, భార్య పేరు, ఊరి పాత పేరు, పాత తాలూకా తెలుగులో, ముసలివారు పలికినట్లు వ్రాయవలెను. భార్య పేరు తప్పక వ్రాయవలెను. మా అనుభవము చెప్పితిని గదా. చెప్పగలవారు ఏటికేడు తగ్గిపోవుచున్నారు.

ఇంకొక సంగతి. పాత అడ్మిషన్ రిజిస్టరులను దయచేసి చిత్తుకాగితముల వానికి అమ్మకుడు. మా నాయన 1946లో చేరిన ప్రాథమిక పాఠశాలకు పోయి అడుగగా, ప్రధానోపాధ్యాయురాలు బీరువా అడుగునుండి ఆ ఏటి పుస్తకము వెదకి తీసినారు. చెదలు ఒక మూల మాత్రము తిన్నవి. తండ్రి పేరు గడిలో మా తాత పేరు ఇంటిపేరుతో సహా నిండు తెలుగులో నున్నది. వృత్తి గడిలో ‘మిలిటరీ’ అని వ్రాసి, కొట్టివేసినారు. సంరక్షకుని గడిలో మా నాయన మేనమామ పేరున్నది. దాని నకలు జతపరచి, పేరును గ్రామమును సరిదిద్దవలసినదిగా సంఘమునకు వ్రాసితిని.

ఈ మారు మహాలయమునకు మా పాత పురోహితుడుగారి కుమారుడు వచ్చినాడు. ఇంటి చరిత్ర ఎరిగినవాడు గనుక, “మాస్టారూ, తాతగారిది ఇక చతుర్దశినాడు పెడతారా?” అని అడిగినాడు. మా నాయన కుర్చీలోనుండియే, “మా అమ్మ అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు నాయనా” అన్నారు. అమావాస్యనాడే చేట సిద్ధము చేసితిమి.