బెల్ మోగితే చాలదు.. సిగ్నల్ కూడా చూడాలి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు కాచిగూడ దగ్గరి ఎంఎంటీఎస్ స్టేషన్. 2019 నవంబర్ 11న అక్కడే లింగంపల్లి–ఫలక్‌నుమా రైలు హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొంది. రెడ్ సిగ్నల్ ఉండగానే లోకల్ రైలు కదిలిందని ప్రాథమికంగా తేల్చారు. గాయపడిన లోకో పైలట్ తర్వాత ఆసుపత్రిలో చనిపోయారు.

లోకల్ రైల్లో గార్డు రెండుసార్లు బెల్ కొడితే, ప్రయాణికులు ఎక్కేశారు, బయల్దేరొచ్చు అని అర్థం. ముందు లైన్ ఖాళీగా ఉందని కాదు. ఆ సంగతి చెప్పేది సిగ్నలే. కానీ రోజూ వినే బెల్‌కు చెయ్యి అలవాటుపడిపోతుంది. 1989లో గ్లాస్గోలోని బెల్‌గ్రోవ్ స్టేషన్‌లో అలాగే జరిగింది. గార్డు బెల్‌కు రైలు కదిలి, రెడ్ సిగ్నల్ దాటేసింది. ఇద్దరు చనిపోయారు.

మనిషన్నాక పొరపాటు జరుగుతుంది. అప్పుడు దానంతటదే బ్రేకు వేసేదే కవచ్. దాని ట్రయల్స్ మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. ఆ రక్షణ ప్రతి లోకల్ రైలుకూ ఉండాలని అడగడం ప్రయాణికుల హక్కు.